శుక్రవారం ఆరాధన: గల్ఫ్‌లో పదకొండు రోజులు

మొదటి రోజు, గురువారం, కువైట్

హైదరాబాద్‌లో విమానం ఎక్కినప్పుడే గమనించాను, సీట్లలో సగానికి పైగా ఆడవాళ్ళే. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు. మా కోనసీమ వైపు నుంచి రాజోలు, అమలాపురం. నా పక్క సీటులో కూర్చున్న అమ్మాయికి ఇరవై ఐదేళ్ళుంటాయి. మొదటిసారి వెళుతోందట. పాస్‌పోర్టు ఉన్న సంచిని నాలుగు గంటలూ ఒళ్ళోనుంచి దించలేదు.

"నీది ఏ వీసా అక్కా?" అని అడిగింది.

"విజిట్ వీసా."

"నాది 20."

కువైట్ వెళ్ళేవాళ్ళ ఊళ్ళలో ఈ నంబర్లు అందరికీ తెలుసు. ఇళ్ళల్లో పనికి వెళ్ళేవాళ్ళది 20, కంపెనీల్లో పనికి వెళ్ళేవాళ్ళది 18. మా పిన్నిది 20. ఆవిడ వెళ్ళి ఇరవై ఏళ్ళయింది. నా ఇంటర్, డిగ్రీ, బీఈడీ అన్నీ ఆవిడ పంపిన డబ్బుతోనే చదివాను. ఇప్పుడు రాజోలు దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతున్నానంటే అది పిన్ని చేతి చలవే.

పిన్ని వెళ్ళిన కొత్తలో ఒకసారి ఫోన్‌లో "రేపు శుక్రవారం కదా, ఆరాధనకి వెళ్ళాలి, మళ్ళీ చేస్తాను" అంది. అమ్మ కంగారుపడిపోయింది. శుక్రవారం ఆరాధనేంటి, మతం మార్చేశారా ఏంటి అని రాత్రంతా నిద్రపోలేదు. అక్కడ సెలవు శుక్రవారమని, అందుకే చర్చిలన్నీ ఆ రోజే నిండుతాయని తర్వాత అన్నయ్య విడమర్చి చెబితేగానీ కుదుటపడలేదు. పిన్ని నోట "మా సంఘం" అనే మాట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. దాన్ని కళ్ళారా చూడాలనే ఈ ప్రయాణం.

ఎయిర్‌పోర్టుకి అన్నయ్య, వదిన వచ్చారు. వాళ్ళుండేది మంగఫ్‌లో. అన్నయ్యకి ఆయిల్ కాంట్రాక్టు పని, వదిన నర్సు. ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది.

రెండో రోజు, శుక్రవారం

కువైట్ సిటీలో షెరటాన్ రౌండబౌట్ దగ్గరున్న నేషనల్ ఎవాంజెలికల్ చర్చి కాంపౌండ్‌కి మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళ్ళిపోయాం. బయటనుంచి చూస్తే ఎత్తైన గోడ, గేటు, గేటు దగ్గర పోలీసులు. చర్చి అని చెప్పే సిలువ బయటికి ఎక్కడా కనిపించదు. కువైట్‌లో చర్చిలు బయటకి గుర్తులు పెట్టుకోకూడదన్నది నియమం. గేటు దాటితే మాత్రం మా అంతర్వేది తీర్థం గుర్తొచ్చింది. అంత జనం. ఒక హాల్లోంచి అరబిక్ పాట, పక్క హాల్లోంచి మలయాళం, మెట్ల మీద తెల్లటి నూలు ముసుగులతో ఇథియోపియా ఆడవాళ్ళు, చెట్టు కింద టిఫిన్లు విప్పుకున్న నేపాలీ కుర్రాళ్ళు. ఈ ఒక్క ఆవరణలోనే 70కి పైగా సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి.

ఇన్ని ఒక్కచోటే ఎందుకంటే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చర్చిలు ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కొత్తగా వచ్చిన ఏ భాషవాళ్ళైనా ఆ కొద్దింటి నీడలోనే చోటు వెతుక్కోవాలి. ఈ చర్చి పుట్టుక కూడా వలసలోనే ఉంది. 1889లో అమెరికాలో మొదలైన అరేబియన్ మిషన్ వాళ్ళు ఇక్కడికొచ్చి ఆస్పత్రి పెట్టారు. కువైట్‌లో వైద్యం చేసిన మొదటి లేడీ డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ 1912లో వచ్చింది ఆ మిషన్ తరఫునే. 1931లో చర్చి కట్టుకున్నారు. ఆ ఆస్పత్రి 1967లో మూతపడింది. ఆ మిషన్ నాటిన చర్చిలో ఇవాళ మా రాజోలు ఆడవాళ్ళు తెలుగులో పాడుకుంటున్నారు.

ఒంటిగంటకి పిన్ని వచ్చింది. ఒక తెల్ల వ్యాను ఆగి పదిమందిని దించింది, అందులో ఆవిడ ఉంది. లేత నీలం రంగు యూనిఫారం, పొడవు చేతులు, తలకి స్కార్ఫ్. నన్ను చూసి రెండు చేతుల్తో మొహం పట్టుకుంది. "ఉండు, ముందు చీర కట్టుకొచ్చి అప్పుడు మాట్లాడతాను," అంది. నేనూ వెంట వెళ్ళాను.

లేడీస్ వాష్‌రూమ్‌లో నేను చూసింది రాయకుండా ఉండలేను. అద్దం ముందు పాతికమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో నాలుగు మడతల చీర. యూనిఫారాలు విప్పి అదే కవర్లో కుక్కుతున్నారు. "పిన్నీసుందా అక్కా?" "నా కుచ్చిళ్ళు చూడు, ఎత్తుగా వచ్చాయా?" "ఈ జాకెట్ బిగుతైపోయిందే." ఒకావిడ మరొకావిడ జడ వేస్తోంది. పిన్ని తెల్లచీర, ఆకుపచ్చ అంచుది, ఊళ్ళో మా అమ్మ కొని పంపిందే, రెండు నిమిషాల్లో కట్టేసుకుంది. పైట భుజం మీదుగా తెచ్చి తల మీద ముసుగేసుకుని అద్దంలో చూసుకుంది. పదిహేను రోజులకోసారి కట్టుకుంటుందట ఆ చీర. మిగతా రోజులన్నీ ఆ నీలం బట్టలే. మా ఊళ్ళో ముసుగు అంటే అలవాటు, ఎవరూ దాని గురించి ఆలోచించరు. ఇక్కడ ఆ చీర కోసం వీళ్ళు ఆరాధనకి గంట ముందొస్తున్నారు.

తెలుగు ఆరాధన రెండున్నర నుంచి నాలుగున్నర వరకు. హాలు పట్టినంతమంది, సుమారు రెండొందలు. ముందు తెరమీద వెల్క్రోతో అతికించిన గుడ్డ బ్యానరు. పాస్టర్ గారిని అందరూ అయ్యగారు అనే పిలుస్తున్నారు. ఆయన మిగతా ఆరు రోజులూ ఏసీ మెకానిక్. జీతం లేని సేవ. కీబోర్డు వాయించే అబ్బాయి డ్రైవరు. కానుకలు లెక్కపెట్టే పెద్దమనిషి ఒక స్కూల్లో వాచ్‌మన్.

కీర్తనల పుస్తకంలోని పాటలు, పక్కనే ఈ మధ్య యూట్యూబ్‌లో వచ్చిన పాటలు. తర్వాత సాక్ష్యాలు. రాయచోటి వైపు ఆవిడ ఒకరు లేచి, తన కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చిందని చెప్పి ఏడ్చేసింది. హాలంతా "స్తోత్రం" అంది. నా పక్కన కూర్చున్నావిడ మెల్లగా, "ఆ పిల్లని ఏడాదిన్నరప్పుడు వదిలొచ్చింది," అని చెప్పింది.

ఆరాధనయ్యాక సంఘ పెద్ద ఒకాయనతో మాట్లాడాను. ఒంగోలు దగ్గర బాప్టిస్టుల కుటుంబం. మన దగ్గర జిల్లా పేరు చెబితే సంఘం పేరు చెప్పేయొచ్చు కదా అన్నాను. ఆయన తలూపాడు. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మిషన్లు నేలని వాటాలు వేసుకున్నట్టే పనిచేశాయి. మా నరసాపురం, కోనసీమ వైపు 1836లో వచ్చిన బౌడన్, బీర్ దంపతుల గోదావరి డెల్టా మిషన్, అందుకే మేం బ్రదరన్. గుంటూరులో 1842లో ఫాదర్ హయ్యర్ దిగాడు కాబట్టి అక్కడ లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కడప లండన్ మిషన్‌ది, మెదక్ వెస్లియన్లది. దానికి తోడు మా పల్లెల్లో మాలపేట సంఘం వేరు, మాదిగపేట సంఘం వేరు. నూటయాభై ఏళ్ళు ఆ గోడలు అలాగే నిలబడ్డాయి.

ఇక్కడ వారానికి దొరికేది ఒక హాలు, రెండు గంటలు. లూథరన్లకి వేరుగా, బాప్టిస్టులకి వేరుగా, మాకు వేరుగా ఎవరిస్తారు? అందుకని అందరూ కలిసి తెలుగు సంఘమయ్యారు. కలిశాక తేల్చుకోవాల్సినవి చాలా వచ్చాయట. పసిపిల్లలకి నీళ్ళు చిలకరించాలా, పెద్దయ్యాక ముంచాలా? ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ప్రతివారమా, నెలకోసారా? ఒకే గిన్నెలోనా, చిన్న కప్పుల్లోనా? మొదటి ఏళ్ళలో పెద్ద గొడవలే అయ్యాయని ఆయనే చెప్పాడు. చివరికి పిల్లలకి ఇక్కడ ప్రార్థన చేసి ప్రతిష్ఠించడం, బాప్తిస్మం మాత్రం సెలవులో ఊరెళ్ళినప్పుడు ఎవరి సంఘంలో వాళ్ళు తీసుకోవడం అని ఒప్పుకున్నారు. ఇక్కడే తీసుకుంటామనే పెద్దవాళ్ళకి ప్లాస్టిక్ తొట్టి ఉంది. బల్ల నెలకి రెండుసార్లు, ఎందుకంటే చాలామందికి నెలకి రెండు శుక్రవారాలే సెలవు. వేదాంత గ్రంథాలు తేల్చలేనిది సెలవుల కాగితం తేల్చింది.

అయితే పిన్ని నాతో చెప్పిన ఇంకో మాట కూడా రాయాలి. "ఇక్కడ ఎవరి పళ్ళెంలోంచి ఎవరైనా తింటామే. పెళ్ళి సంబంధం అనేసరికి మాత్రం మళ్ళీ ఏ ఊరు, ఏ పేట అనే అడుగుతారు."

నాలుగు ఇరవై అయ్యేసరికి తలుపు దగ్గర తమిళ సంఘం వాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆశీర్వాదం అయిన మరుక్షణం పదిమంది కుర్రాళ్ళు లేచారు. బ్యానరు చర్రుమని ఊడింది, చుట్టేశారు. ఒకరు బల్ల కప్పులు బకెట్లో ఏరుతున్నారు, ఒకరు వైర్లు చుడుతున్నారు, ఒకరు మేజా మీద పడ్డ ద్రాక్షరసం మరక తుడుస్తున్నారు. తమిళ అబ్బాయి వాళ్ళ బ్యానరు పట్టుకుని నిలబడి, మావాళ్ళకి వైరు చుట్టడంలో సాయం పట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

పిన్ని మళ్ళీ వాష్‌రూమ్‌కి వెళ్ళి నీలం బట్టల్లో తిరిగొచ్చింది. ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి.

మూడో రోజు, శనివారం

ఈ దేశంలో వారాంతం కూడా మారిందని అన్నయ్య చెప్పాడు. 2007 సెప్టెంబరుకి ముందు గురు, శుక్రవారాలు సెలవు. ఆ తర్వాత శుక్ర, శని. చర్చిలకి మాత్రం శుక్రవారం చెక్కు చెదరలేదు.

అహ్మదీ వెళ్ళి ఆయిల్ కంపెనీ రోజుల్లో కట్టిన కథోలిక చర్చి, అవర్ లేడీ ఆఫ్ అరేబియా, చూశాం. 2025లో దానికి బసిలికా హోదా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, వచ్చింది. కొంకణీ మాట్లాడే గోవావాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎక్కువగా కనిపించారు. కాసేపు కూర్చుని వచ్చేశాం.

సాయంత్రం వదినని అడిగాను, తెలుగు ఆరాధనకి మీరెందుకు రారని. వాళ్ళు వెళ్ళేది ఇంగ్లిష్ సంఘానికి. వదిన కొంచెం ఆలోచించి, "పిల్లల కోసం," అంది. తర్వాత తనే, "అక్కడందరూ పనివాళ్ళే అనుకుంటారమ్మా మనవాళ్ళు కొంతమంది. నేను అనుకోను గానీ, వెళ్ళడం అలవాటు తప్పిపోయింది. క్రిస్మస్‌కి వెళ్తాం," అంది. ఆవిడ నిజం చెప్పినందుకు నాకు గౌరవం కలిగింది, బాధా కలిగింది. భాష కలిపిన జనాన్ని జీతం మళ్ళీ రెండు హాళ్ళలో కూర్చోబెడుతోంది.

నాలుగో రోజు, ఆదివారం

ఇరవై ఏడేళ్ళ ఉద్యోగాలూ చదువులూ కలిపి నేను ఆదివారం ఆరాధనకి వెళ్ళని వారాలు చాలా తక్కువ. ఇవాళ ఉదయం ఏడింటికి కిటికీలోంచి స్కూలు బస్సులు పోతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఇక్కడ ఆదివారం వారానికి మొదటి పనిరోజు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫర్వానియాలో ఒక ఫ్లాటులో ప్రార్థన కూడిక. పిన్ని తరఫున నన్ను రమ్మన్నారు. చిన్న గది, చాప మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళం. మధ్యలో ఒక స్టీలు గ్లాసు, గ్లాసులో నిలబెట్టిన ఫోను. గ్లాసులో పెడితే గొంతు గట్టిగా వినిపిస్తుంది. ఫోన్‌లో గ్రూప్ కాల్, అందులో ముప్ఫైమంది దాకా ఉన్నారు. శుక్రవారం కూడా బయటికి పంపని ఇళ్ళవాళ్ళు వీళ్ళు. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకి వారానికో రోజు సెలవు ఇవ్వాలని చెబుతోంది. కాగితం మీద ఉన్న ఆ సెలవు కొన్ని ఇళ్ళ గుమ్మం దాటదు.

ఫోన్‌లోంచి ప్రార్థనతోపాటు ఇంకేవో శబ్దాలు. గిన్నెలు కడుగుతున్న చప్పుడు, ఎవరో అరబిక్‌లో పిలిస్తే "జీన్, మామా" (సరే అమ్మా) అని జవాబు, వెంటనే మళ్ళీ "ప్రభువా, నా కొడుకు తాగుడు మానాలి" అని. చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి ఇంటావిడ పిలుపు కోసం ఖాళీగా ఉంచుకుంటారట.

పిన్ని కూడా వంటింట్లోంచే కలిసింది. ఆ రాత్రి వాక్యం చెప్పింది పిన్నే. నేను కదలకుండా విన్నాను. మా ఊరి సంఘంలో ఆడవాళ్ళు గొంతెత్తి ప్రార్థన చేయడం నేనెన్నడూ చూడలేదు. పిన్ని పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి కువైట్ వెళ్ళేదాకా పదేళ్ళు వెనక చాప మీద మౌనంగా కూర్చున్న మనిషి. ఇప్పుడు అరణ్యంలో హాగరు కథ చెబుతోంది. యజమానురాలి ఇంట్లోంచి వెళ్ళగొట్టబడ్డ దాసి, ఎండలో నీళ్ళు అయిపోయిన తిత్తి, దూరంగా పెట్టిన పిల్లవాడి ఏడుపు. వినేవాళ్ళందరూ దాసీలుగా వచ్చినవాళ్ళే, పిల్లల్ని దూరంగా వదిలినవాళ్ళే. ఆ కథ నేను బైబిల్లో ఎన్నిసార్లు చదివానో. ఇవాళ విన్నట్టు ఎప్పుడూ వినలేదు.

నడిపించడానికి మగవాళ్ళు చాలకపోవడం వల్లే ఈ మార్పు అని కొందరంటారు. కావచ్చు. ఎలా వచ్చినా వచ్చింది, పోకూడదని నా కోరిక.

తిరిగొస్తుంటే ఒక విషయం తట్టింది. శుక్రవారం అంత పెద్ద ఆరాధనలో పసిపిల్ల ఏడుపు ఒక్కటి వినపడలేదు. సండే స్కూలు లేదు. 20 నంబరు వీసా మీద పిల్లల్ని తెచ్చుకోలేరు. 18 మీదైనా జీతం పెద్దదైతేనే కుదురుతుంది. రెండొందలమంది తల్లులూ తండ్రులూ ఉన్న సంఘం, పిల్లల్లేని సంఘం.

ఐదో రోజు, సోమవారం

అన్నయ్య సెలవు పెట్టి ఫైలకా దీవికి తీసుకెళ్ళాడు. తీరం నుంచి బోటు ప్రయాణం. 1990లో ఇరాక్ దాడి చేసినప్పుడు దీవి ఖాళీ అయింది, మళ్ళీ జనం పెద్దగా రాలేదు. తూటాల గుంతలున్న ఇళ్ళ గోడలు ఇంకా అలాగే ఉన్నాయి.

దీవి మధ్యలో అల్-ఖుసూర్ అనే చోట 1989లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు ఒక చర్చి పునాదులు బయటపెట్టారు. సిలువ చెక్కిన గచ్చు పలకలు దొరికాయి. వెయ్యేళ్ళకు పైబడిన పాత చర్చి అది, తూర్పు సిరియా సంప్రదాయం వాళ్ళది. మోకాలెత్తు గోడలు, ఇసుక, గాలి, అంతే.

క్రైస్తవం గల్ఫ్‌కి ఆయిల్‌తోపాటు, మన పనివాళ్ళతోపాటు వచ్చిందనే నేననుకున్నాను. స్కూల్లో పిల్లలకి కూడా అలాగే చెప్పి ఉంటాను. ఇకమీదట చెప్పను.

ఆరో రోజు, మంగళవారం

మాలియాలో తిరిగాను. తెలుగు బోర్డున్న హోటల్లో పులస దొరకదుగానీ చేపల పులుసు దొరికింది. పిన్నికి ఇంకో చీర కొన్నాను, తేలిగ్గా మడత పడేది.

ఏడు, ఎనిమిది రోజులు, బుధ, గురువారాలు, బహ్రెయిన్

గంటలోపే మనామా. అన్నయ్య స్నేహితుడి కుటుంబం దగ్గర దిగాను, గుంటూరు జిల్లా కథోలికులు. వాళ్ళు సేక్రెడ్ హార్ట్ చర్చికి వెళతారు. 1939లో కట్టింది, ఆధునిక కాలంలో గల్ఫ్‌లో మొదటి కథోలిక చర్చి. పూజకి ఇంగ్లిష్‌లోనే వెళతారు, ఇంట్లో జపమాల మాత్రం తెలుగులో. ఆవిడ, "ఇంగ్లిష్‌లో పూజ అర్థమవుతుంది, కానీ దుఃఖం వచ్చినప్పుడు 'దేవమాతా' అనకపోతే తీరదు," అంది.

గురువారం సాయంత్రం వాళ్ళు నన్ను ఒక గదికి తీసుకెళ్ళారు. నిజామాబాద్ వైపు ఆయన, భవన నిర్మాణంలో పని, నిద్రలోనే గుండె ఆగి పోయాడు. నాలుగు రోజులైంది. ఆ గదిలో తెలుగువాళ్ళు ముప్ఫైమంది, కథోలికులు, పెంతెకొస్తువాళ్ళు, హిందువులు. పోయినాయన హిందువే. ఆస్పత్రి కాగితం, పోలీసు కాగితం, ఎంబసీ కాగితం, విమానం కార్గో, హైదరాబాద్ నుంచి ఊరికి అంబులెన్సు: ఏది ఎవరు చూసుకోవాలో అక్కడే పంచుకున్నారు. ఒక పెంతెకొస్తు పాస్టరు గారు డబ్బులు రాసుకుంటున్నారు. ఎవరెంతిచ్చారో చదివి వినిపించి, చివర్లో, "ప్రార్థన చేయమంటారా, అభ్యంతరం లేకపోతేనే," అని పోయినాయన తమ్ముణ్ణి అడిగారు. ఆ అబ్బాయి చేతులు జోడించాడు.

మా ఊళ్ళో పాస్టరు గారి పని పెళ్ళి, బాప్తిస్మం, సమాధి. ఇక్కడ సమాధి ఉండదు. మనిషిని ఊరికి చేర్చడమే సమాధి కార్యక్రమం. అది రానివాడు ఇక్కడ సేవకుడు కాలేడు.

తొమ్మిదో రోజు, శుక్రవారం

అవాలీలో అవర్ లేడీ ఆఫ్ అరేబియా కేథడ్రల్. రాజు హమద్ ఇచ్చిన స్థలంలో కట్టారు, 2021 డిసెంబరులో ప్రతిష్ఠించారు. 2,300 మంది కూర్చోవచ్చు. ఎనిమిది మూలల గుడారంలా కట్టారు, మోషే కాలపు ప్రత్యక్ష గుడారం తలపుకొచ్చేట్టు. దేశాలు దాటి వచ్చినవాళ్ళ చర్చికి గుడారం రూపం ఎంత సరిగ్గా కుదిరిందో అనుకుంటూ చాలాసేపు పైకప్పు వైపే చూశాను. 2022 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి ఇక్కడ ప్రార్థన చేశారు.

పార్కింగ్‌లో సౌదీ నంబరు ప్లేట్ల కార్లు కనిపించాయి. సౌదీలో చర్చి ఉండదు. 1986లో తెరిచిన పాతిక కిలోమీటర్ల కాజ్‌వే, అంటే సముద్రం మీది వంతెన దారి, మీదుగా సెలవురోజున కొందరు ఇటు వస్తారు. ఫిలిప్పీన్స్ వాళ్ళ కుటుంబం ఒకటి కారు దిగగానే చిన్నపిల్ల చర్చివైపు పరుగెత్తింది, వాళ్ళమ్మ చెప్పులు పట్టుకుని వెనకాల.

పదో రోజు, శనివారం, దుబాయ్

ప్రయాణంతోనే సరిపోయింది. నా డిగ్రీ స్నేహితురాలి ఇంట్లో దిగాను. రేపు ఆరాధన ఉందంటే, రేపు ఆదివారమే కదా అన్నాను. "అవును, మాకు ఆదివారం తిరిగొచ్చేసింది," అని నవ్వింది. యూఏఈ 2022 జనవరి నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చింది. వాళ్ళ పెద్దబ్బాయికి పదకొండేళ్ళు. వాడికి ఊహ తెలిసినప్పట్నుంచి దేవుడి రోజంటే శుక్రవారమే. "మమ్మీ, సండే ఎందుకు చర్చి?" అని మొదటి నెలంతా అడిగాడట.

పదకొండో రోజు, ఆదివారం

ఊద్ మేతా. ఇక్కడ 1960ల్లో షేక్ రషీద్ ఇచ్చిన స్థలంలో సెయింట్ మేరీస్ కథోలిక చర్చి 1967లో తెరుచుకుంది. దగ్గర్లోనే ఆంగ్లికన్ల హోలీ ట్రినిటీ చర్చి, దాని హాళ్ళలో వంతులవారీగా రకరకాల సంఘాలు. కువైట్‌లో చూసిందే, కాకపోతే ఇక్కడ పిల్లలున్నారు. ఎక్కడ చూసినా పిల్లలు. స్ట్రోలర్లు వరండాలో వరుసగా నిలబెట్టి ఉన్నాయి.

నేను వెళ్ళిన తెలుగు సంఘంలో రెండు రకాల జనం. ముందు వరుసల్లో ఫ్యామిలీ వీసాలవాళ్ళు, ఎక్కువగా కోస్తా జిల్లాలవాళ్ళు, ఆఫీసు ఉద్యోగాలు. వెనక వరుసల్లో జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, మెదక్ నుంచి వచ్చిన కూలీలు, క్యాంపుల నుంచి కంపెనీ బస్సుల్లో. పాట మొదలైంది. తెరమీద పాట చూసి ఒక్క క్షణం తడబడ్డాను. మా తాతల కాలం నాటి తెలుగు కీర్తన, అక్షరాలు మాత్రం ఇంగ్లిష్‌వి. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడడం వస్తుంది, చదవడం రాదు. అందుకని అలా వేస్తారు.

దాంతో వెనక వరుసల్లోవాళ్ళకి ఇబ్బంది. ఇంగ్లిష్ అక్షరాలు చదవలేనివాళ్ళు వాళ్ళు. మెదక్ దగ్గర పల్లెటూరాయన ఒకరు చిరిగిన అట్ట కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పాడుతున్నాడు. మా స్నేహితురాలి అబ్బాయి ఆయన పక్కకి చేరి, తెరవైపు, పుస్తకంవైపు మార్చి మార్చి చూస్తున్నాడు. పల్లవి అయ్యాక ఆయన పుస్తకంలో ఒక అక్షరం మీద వేలు పెట్టి, "గిది 'య', సూడు, 'యేసు'ల ఉన్నది," అన్నాడు. రెండో చరణమంతా ఆయన వేలు కదులుతూనే ఉంది, వాడి కళ్ళు ఆ వేలు వెంట.

నేను టీచర్ని కాబట్టి ఊరుకోలేకపోయాను. ఆరాధన తర్వాత ఆ వరుసలవాళ్ళతో గంట తెలుగు బడి పెట్టమని పెద్దల్ని అడగాలనుకున్నాను. మా స్నేహితురాలు, అడుగు, తప్పకుండా అడుగు అంది. కానీ ఆ మాట చెప్పే సమయం నాకు దొరకలేదు, కాగితం మీద రాసి తన చేతిలో పెట్టాను.

ఎందుకంటే పదకొండు నలభైకి పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో ఆపేశారు. "బస్సు వాళ్ళు," అన్నారు. వెనక వరుసలు మొత్తం లేచాయి. క్యాంపు బస్సు పన్నెండింటికి కదులుతుంది, తప్పితే మళ్ళీ సాయంత్రమే. అందుకని ఈ సంఘంలో ప్రతి వారం రెండు ఆశీర్వాదాలు: బస్సు ఎక్కేవాళ్ళకి ముందు, మిగతావాళ్ళకి ప్రసంగం అయ్యాక. నా విమానం మూడింటికి. సూట్‌కేసు తలుపు దగ్గరే పెట్టుకున్నాను. నేనూ లేచి ఆ వరుసల్లో నిలబడ్డాను. మెదక్ ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. పాస్టర్ గారు రెండు చేతులూ ఎత్తి మా వైపు తిరిగారు, ముందు వరుసలవాళ్ళు కూర్చునే తలలు వంచారు.